ఎసటిగౌరి ఉప్పుమాట నోము కథ

అందరును చేత అక్షతలు తీసుకొనుడు. పొయ్యి మీద ఏమైనా ఉన్నచో మంట తగ్గించి రండు. కథ వినుచు పప్పు మాడ్చుట ఈ దేవికి ఎంతమాత్రమును ఇష్టము కాదు. పీఠము ముందు ఉప్పుగిన్నె, దాని ప్రక్కన మంచినీళ్ళ చెంబు ఉన్నవో లేవో చూచుకొనుడు. ఉన్నవి గదా, ఇక వినుడు.

పూర్వము దండకావనమున హరితపర్ణుడను ముని ఆశ్రమము కట్టుకొని శిష్యులతో నివసించుచుండెను. ఆయన తపస్సు గొప్పది. ఆయన ఆశ్రమములోని వంట మాత్రము పైకి చెప్పుకొనదగినది కాదు. శిష్యులు ఒకనాడు అన్నము ముద్ద చేయుదురు, మరునాడు పలుకు మిగుల్చుదురు, పాలు పొంగించి పొయ్యి ఆర్పుదురు. ముని ఏమియు అనక భుజించి చేయి కడుగుకొనుచుండెను. ఏమియు అనకుండుటయే పెద్దతనమని ఆయన నమ్మకము. శిష్యులు మాత్రము ఏదో ఒక సందేహము నెపముగా ప్రక్కవనమునందలి సుతృప్త మహర్షి ఆశ్రమమునకు పోవుచుండిరి. ఆ సందేహములు సరిగా భోజనవేళకే కలుగుచుండెను.

ఈ సంగతి కనిపెట్టి హరితపర్ణుడు తానే బయలుదేరి సుతృప్త మహర్షి కడకు పోయి, నమస్కరించి ఇట్లడిగెను. "మహానుభావా, నా ఆశ్రమమున బియ్యమునకు కొదువ లేదు, కట్టెలకు కొదువ లేదు, ఆవులు పుష్కలముగా పాలిచ్చుచున్నవి. అన్నియు ఉండియు తిన్నవారికి తృప్తి లేదు. ఏ దేవత అలిగినదో, ఏ వ్రతముచే ఆమె ప్రసన్నురాలగునో సెలవిండు."

సుతృప్తుడు ఆయనకు పీట వేయించి, వంట బాగుండనినాడు శిష్యులతో ఏమందువని అడిగెను. ఏమియు అననని హరితపర్ణుడు చెప్పెను. బాగున్ననాడు ఏమందువని అడిగెను. అప్పుడును ఏమియు అననని ఆయన చెప్పెను. అంత మహర్షి నవ్వి, "మునీంద్రా, నీవు అడిగిన వ్రతము కలదు. ఎసరు మరుగునప్పుడు సలసలమను ధ్వనియందు నివసించు తల్లి ఎసటిగౌరి. ఆమె నోమును ఉప్పుమాట నోము అందురు. మాట లేని వంటింట ఆమె నిలువదు. దానికి ఒక కథ కలదు, వినుము" అని చెప్పదొడగెను.

గౌతమీ తీరమున వెలగరేవు అను ఊరు కలదు. పడవ దిగిన బాటసారులకు అక్కడ మొదట కనబడునది పేరయ అను గృహస్థుని ఇల్లు. ఏరు దాటి వచ్చినవారు ఎవరైనను సరే, ఏ వేళనైనను సరే, ఆ ఇంట భోజనము చేసి పోవలెనని వారి పూర్వులు పెట్టిన కట్టుబాటు. పేరయకు తండ్రి లేడు, తల్లి కామాంబ కలదు, భార్య మాణిక్యాంబ కలదు. పేరయ పడవల దగ్గర నిలిచి అతిథులను పిలుచుకొని వచ్చును. అత్తాకోడళ్ళు మడి కట్టుకొని వండుదురు. కామాంబ చేతి ముక్కల పులుసు ఆ ఏటికి ఇరుప్రక్కల పేరుపొందెను. ఆ పులుసు పోపు వాసన నడి ఏటిలోనికి వచ్చినదనగానే పడవవారు తెడ్లు గట్టిగా వేయుదురని చెప్పుకొనెడివారు.

ఆ ఇంట రెండు నియమములు ఉండెను. పొయ్యి పైన గోడగూటిలో పసుపుతో చేసిన గౌరమ్మ ఉండెను. ఆమెకు నివేదించుటకు ముందు వంటను ఎవరును రుచి చూడరాదు. నివేదించిన పిదప అది ప్రసాదము, దానికి ఎవరును వంక పెట్టరాదు. రెండును మంచి నియమములే. ఆ రెండింటి నడుమ ఉప్పును గూర్చి నోరు విప్పుటకు మాత్రము చోటు లేకపోయెను. అయినను చాల కాలము ఏ ఇబ్బందియు కలుగలేదు. ఎందుచేతననగా కామాంబ ఉప్పును చేతితో కొలుచును, ఆ చేయి తప్పి ఎరుగదు.

అట్లుండగా కామాంబకు ముసలితనము వచ్చెను. వయసు ఒకరికి చూపును, ఒకరికి మోకాళ్ళను తీసికొనిపోవును. ఆమెకు నాలుక మీది ఉప్పును తీసికొనిపోయెను. ఒకనాడు అందరును తిన్న పిదప ఆమె విస్తరి వేసికొని పులుసు కలుపుకొనగా చప్పగా తోచెను. కొత్తగా తెచ్చిన ఉప్పులో సారము లేదు కాబోలునని, మరునాడు చిటికెడు ఎక్కువ వేసెను. అప్పుడును చప్పగానే ఉండెను. ఆ మరునాడు ఇంకొక చిటికెడు వేసెను. ఇట్లు చిటికెడు మీద చిటికెడుగా ఆ చేతి కొలత మారిపోయెను.

మొదట కనిపెట్టినది మాణిక్యాంబ. కనిపెట్టెనే గాని ఏమి చెప్పగలదు. అత్తగారికి చెప్పినచో ప్రసాదమునకు వంక పెట్టిన కోడలగును. చెప్పకున్నచో అతిథుల నోరు మండును. ఆమె ఆలోచించి తాను వండు కూరలో ఉప్పు మానివేసెను. ఆ కూర కామాంబ నాలుకకు మట్టివలె తోచెను. కోడలికి పాపము మతిమరుపు వచ్చినదని జాలిపడి, ఆమె చాటున ఆ కూరలోను ఒక పిడికెడు వేయసాగెను. మాణిక్యాంబ పులుసులో చాటున నీళ్ళు పోసెను. పులుసు పలుచబడినదేమని కామాంబ దానిని మరల మరిగించి ఇగిర్చెను. ఇట్లు ఒకరినొకరు నొప్పించరాదని ఇద్దరును పడిన పాటుకు వంటంతయు ఉప్పుకషాయమయ్యెను.

పేరయ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తల్లి ఒకప్రక్క, భార్య ఒకప్రక్క నిలిచి వడ్డించుచుండగా నడుమ కూర్చున్న మగవాడు ఏమనును. బాగున్నదనును, నీళ్ళు త్రాగును, మరల బాగున్నదనును. అతిథులు ఆ ఇంటి పెద్దరికము చూచి ఏమియు అనక, దీవించి, రేవునకు పరుగెత్తి ఏటినీరు త్రాగెడివారు.

అంతలో ఒక వింత జరిగెను. నివేదనవేళ గౌరమ్మ ముందు రాగిచెంబుతో నీళ్ళు పెట్టుట వాడుక. ఒకనాడు నివేదన ముగిసి చూడగా చెంబు అడుగంటి ఉండెను. తల్లి ప్రత్యక్షముగా వచ్చి నీళ్ళు త్రాగినదని కామాంబ కన్నులు చెమర్చి నలుగురికిని చెప్పెను. మరునాడు పెద్ద చెంబు పెట్టిరి, అదియు ఖాళీ అయ్యెను. బిందె పెట్టిరి, బిందె ఖాళీ అయ్యెను. ఊరివారు పసుపు కుంకుమలతో వచ్చి బిందెకు మొక్కిరి. పేరయ ఆ బిందెకు ఒక మండపము కట్టింపవలెనని కూడ తలచెను. పాపము ఆ తల్లి ఎందుకు అన్ని నీళ్ళు త్రాగుచున్నదని ఒక్కరికిని తోచలేదు.

మహిమ చూచుటకు వచ్చినవారు భోజనమునకు నిలిచిరి. ఒకసారి నిలిచినవారు మరల రాలేదు. పడవవారు బాటసారులను దిగువరేవున దించసాగిరి. వండిన వంట మిగిలిపోవుచుండెను. మిగిలినది పెరటిలోని అరటిచెట్ల మొదట పోసిరి. ఉప్పు దిగి అరటితోట మాడిపోయెను, అతిథులకు వేయుటకు ఆకు లేకపోయెను. ఆవులకు పెట్టగా అవి ముట్టి మొగము త్రిప్పుకొని, దినమంతయు కుడితితొట్టి కడనే నిలిచి, పాలు తగ్గించెను. ధాన్యమిచ్చు రైతులు ఆ గడప త్రొక్కుట మానిరి, గాదెల అడుగు కనబడెను. ఇంత జరిగినను ఆ ఇంట ఎవరును ఉప్పు అను మాట పలుకలేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నమున ఒక ముసలమ్మ కర్ర పట్టుకొని వచ్చి వసారాలో కూర్చుండెను. ఆనాటికి ఆమె ఒక్కతియే అతిథి. పేరయ కాళ్ళకు నీళ్ళిచ్చెను, మిగిలిన ఒక్క అరటాకు వేసి కామాంబ స్వయముగా వడ్డించెను. ముసలమ్మ పులుసు కలుపుకొని ఒక్క ముద్ద తిని చేయి ఆపెను.

"అమ్మా, ఉప్పు ఎక్కువైంది. ఇంకో చెంబు మంచినీళ్ళు పొయ్యి" అనెను.

ఆ మాటకు పేరయ తల వంచుకొనెను. కామాంబ ముఖము ఎఱ్ఱబడెను.

"అమ్మవారు ఆరగించిన ప్రసాదానికి వంక పెడతావా? నా చేతి వంటకి ఈ రేవులో ఇంతవరకూ ఎవరూ మాట అన్లేదు. లే, విస్తరి ముందు నించి లే."

"లేస్తాను తల్లీ. నీళ్ళిస్తే తాగి లేస్తాను" అని ముసలమ్మ శాంతముగా చెప్పెను. మాణిక్యాంబ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చెను. ఆమె గుక్క తిప్పుకొనక త్రాగి, కర్ర తీసికొని, ఏటి ఇసుక మీదుగా పోయెను.

ఆ సాయంకాలము పొయ్యి రాజేసి ఎసరు పెట్టగా నీళ్ళు కాగలేదు. మంట భగభగ మండుచుండెను, కట్టెలు కట్టెలుగా కాలిపోవుచుండెను, ఎసరు మాత్రము బావినుండి చేదిన నీళ్ళవలె చల్లగా ఉండెను. గిన్నె మార్చిరి, పొయ్యి మార్చిరి, ప్రయోజనము లేకపోయెను. పూర్వులనాటినుండి ఆరని పొయ్యి అది. ఏరు దాటి వచ్చినవారికి పిడికెడు అన్నము పెట్టలేని దినము ఆ ఇంటికి మొదటిసారి వచ్చెను. కామాంబ పొయ్యి ముందు కూలబడి, ఊదుగొట్టము ఒడిలో పెట్టుకొని, ఏమి అపరాధము చేసితినో తెలియక ఏడ్చెను.

మాణిక్యాంబకు ముసలమ్మ మాట గుర్తుకు వచ్చెను. రాగిచెంబు చంకన పెట్టుకొని ఆమె ఏటిగట్టు వెంబడి వెదకుచు పోయెను. నీరు తీసిన ఇసుకలో ఒక చెలమ తోడుకొని, దోసిటితో నీళ్ళు త్రాగుచు ముసలమ్మ కనబడెను. మాణిక్యాంబ ఆమె కాళ్ళకు మ్రొక్కి, అత్తగారి కోపమును మన్నింపుమని వేడెను.

"మీ అత్తగారి మీద నాకు కోపమెందుకే. దాహమే గాని కోపం లేదు" అని ఆ ముసలమ్మ నవ్వెను. ఆ నవ్వులో ఎసరు మరుగునట్టి ధ్వని వినబడగా మాణిక్యాంబ ఆమెను గుర్తుపట్టెను. దేవి చెప్పసాగెను. "రోజూ మీ నివేదన తినేది నేనేగా. చెంబుతో మొదలుపెట్టి బిందెల దాకా తాగాను. ఒక్కళ్ళయినా ఎందుకని అడుగుతారేమో అనుకుంటే, మహిమ మహిమ అని డప్పులు వాయించారు. ఇంక నోరు విప్పకపోతే లాభం లేదని మనిషినై వచ్చి చెప్పాను."

మాణిక్యాంబ కన్నీరు తుడుచుకొని తన భయము చెప్పుకొనెను. "మా అత్తయ్యకి నాలుక మీద ఉప్పు తెలియడం లేదమ్మా. ఆ మాట చెబితే ఇక వంటింట్లో అడుగు పెట్టరు. పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ ఆ పొయ్యి దగ్గరే ఉన్నారు. అది లేకపోతే ఆవిడ ఏమైపోతారో అని భయం."

"చెప్పకపోతే పొయ్యే లేదు గదే. చెప్పాలి. చెప్పడానికో పద్ధతి ఉంది, విను" అని దేవి ఉప్పుమాట నోమును ఇట్లు ఉపదేశించెను.

మంచి శుక్రవారమునాడు గౌరమ్మ ముందు ఉప్పుగిన్నెను, నీళ్ళచెంబును ఉంచి నోము పట్టవలెను. నాటినుండి వంటింట ఉప్పు వేసినవారు వేసితినని పైకి చెప్పవలెను. విన్నవారు వింటినని పైకి చెప్పవలెను. వినలేదన్నచో మరల చెప్పవలెను, విసుగుకొనరాదు. నివేదన ముగిసిన పిదప మొదటి ముద్ద తిన్నవారిని వండినవారు ఉప్పు ఎట్లున్నదని అడుగవలెను. తిన్నవారు ముఖము చూచి, మెత్తగా, ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. వండినవారు అలుగక వినవలెను. అడిగినదానికి చెప్పిన బదులు వంక కాదు, దానివలన ప్రసాదమునకు దోషము లేదు. ఈ అడుగుటలోను, చెప్పుటలోను, వినుటలోను ఏ ఒక్కటి తప్పినను నోము చెడును.

ఇంతటితో తనివి తీరక ఆ తల్లి వంటింటి ధర్మములు మరికొన్ని చెప్పెను. ఆమె ఎన్ని పొయ్యిలు చూచినదో గదా. పులుసులో ఉప్పు ఎక్కువైనచో చాటున నీళ్ళు పోసి మోసపోరాదనెను. ఉడికిన సొరకాయ ముక్కలనైనను, ఉప్పు వేయని ముద్దపప్పునైనను కలిపి, మరల పులుపు సరిచూచి ఒక పొంగు రానీయవలెననెను. కందిపప్పును ముందుగా నానవేసి, చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి ఉడికించవలెను. అది మెత్తబడకముందే చింతపండు పులుసు పోసినచో ఎన్ని కట్టెలు కాల్చినను బిరుసుగనే ఉండును. ఆకుకూర గంపెడుగా కనబడి పొయ్యి మీద గుప్పెడగును, కనుక దానికి ఉప్పు చివరనే వేయవలెను. వంకాయలు తరిగిన వెంటనే ఉప్పునీటిలో వేసినచో నల్లబడవు. అన్నము అడుగంటినచో గరిటె పెట్టి కెలకరాదు, పై అన్నమును నెమ్మదిగా వేరొక గిన్నెలోనికి తీసికొనవలెను. చలికాలమున పాలు తోడుకొననిచో తోడు వేసిన గిన్నెకు మందపు గుడ్డ చుట్టి బియ్యపుడబ్బాలో దాచవలెను. ఊరగాయ జాడీలో తడిచేయి పెట్టినవారిని తాను క్షమింపలేనని మాత్రము కొంచెము కటువుగా చెప్పెను. ఇట్లు చెప్పి ఆ తల్లి అంతర్ధానమయ్యెను. చెలమలోని నీళ్ళు ఒక్క క్షణము సలసల మరిగి మరల చల్లబడెను.

మాణిక్యాంబ ఇంటికి వచ్చి దేవిని చూచిన సంగతియు, నోము విధియు చెప్పెను. అత్తగారి నాలుక సంగతి మాత్రము చెప్పుటకు నోరు రాలేదు. శుక్రవారమునాడు ఇద్దరును తలంటుకొని నోము పట్టిరి. కామాంబ ఎప్పటివలె పులుసులో ఉప్పు వేసి, వేసితినని చెప్పెను. మాణిక్యాంబ వింటినని చెప్పెను. ఆ మాటతో చల్లబడియున్న ఎసరు కాగెను, అన్నము ఉడికెను. నివేదన అయిన పిదప మాణిక్యాంబ మొదటి ముద్ద తినెను.

"ఉప్పు ఎలా ఉంది?" అని కామాంబ నోము ప్రకారము అడిగెను.

మాణిక్యాంబ అత్తగారి ముఖము చూచెను. నోము తప్పరాదు గదా.

"ఎక్కువైంది అత్తయ్యా."

కామాంబ తానును ఒక ముద్ద కలుపుకొని తినెను. చాలసేపు నమిలెను. "నాకు చప్పగా ఉందే" అనెను. అని, తన కుడిచేతిని త్రిప్పి త్రిప్పి చూచుకొనెను. పడవలు దిగువరేవునకు ఎందుకు పోయినవో, అరటితోట ఎందుకు మాడినదో, బిందెలు ఎందుకు ఖాళీ అయినవో ఆమెకు ఒక్కసారిగా తెలిసెను. "ఇన్నాళ్ళూ నా నాలుకేనన్నమాట" అని మాత్రము మెల్లగా అని, లేచి చేయి కడుగుకొనెను.

మరునాటినుండి పులుసు బాగుపడెను. నీళ్ళచెంబు నిండుగా ఉండి, ఆచమనమునకు తీసినంత మాత్రమే తగ్గుచుండెను. పడవలు మరల వెలగరేవున ఆగెను. మాడిన అరటిమొదళ్ళనుండి పిలకలు లేచెను. ఆవులు పాలు చేపెను, గాదెలు నిండెను. అందరును సంతోషించిరి.

అయితే కామాంబ వంటింటిలోనికి రాలేదు. తాను అలుగలేదనియు, వయసైనదనియు, ఇక జపము చేసికొందుననియు చెప్పి వసారాలో ఒక మూల చాప వేసికొనెను. కోడలు బతిమాలెను, కొడుకు బతిమాలెను, ఆమె కదలలేదు. పోపు వేగినప్పుడెల్ల జపమాల త్రిప్పు చేయి ఆగుచుండెను. ఆమె సగము చిక్కిపోయెను. మాణిక్యాంబ ఏది భయపడినదో అదియే జరిగెను.

మాణిక్యాంబ ఒంటరిగా వండసాగెను. మొదట కొన్నాళ్ళు ఉప్పు వేసితినని గోడతో చెప్పెను. గోడ వింటినని అనదు గదా. తరువాత చెప్పుట మానెను. అతిథులు పెరిగిరి, పని పెరిగెను, నివేదన అయిన పిదప అడుగుటకు తీరిక లేకపోయెను. ఎవరైనను ఏమైనను చెప్పబోయినచో, ఇంతమందికి వండుట తమకు తెలియునా అను చూపు ఒకటి ఆమెకు అలవాటయ్యెను. ఇట్లు నోము పట్టిన ఆమె తనకు తెలియకయే నోము విడిచెను. మనము గూడ ఇట్లే విడుచుదుము.

కార్తికమాసమున నదీస్నానములకు జనము విరగబడి వచ్చిరి. పేరయ ఇంటి ముందు, వసారాలో, వీధిలో పంక్తులు తీరెను. ఆనాడు మాణిక్యాంబ హడావుడిలో పప్పులో వేయవలసిన ఉప్పు పులుసులో వేసి, పులుసులో వేసిన సంగతి మరచి మరల వేసెను, పప్పును అట్లే చప్పగా దించెను. నివేదన పెట్టగా గూటిలోని గౌరమ్మ ముందు చెంబు మరల అడుగంటెను. అది చూచి మాణిక్యాంబ పప్పును, పులుసును నాలుక మీద వేసికొని జరిగిన పొరపాటు తెలిసికొనెను. అదే వేళకు రెండవ వాయ అన్నమునకు పెట్టిన పెద్ద ఎసరు, మరుగుచు మరుగుచు, నిశ్శబ్దమయ్యెను. క్రింద మంట మండుచునే ఉండెను. బయట ఆకులు వేసికొని జనము కూర్చుండియుండిరి.

మాణిక్యాంబ ఉప్పుజాడీ రెండు చేతులతో పట్టుకొని వసారాలోనికి పరుగెత్తి అత్తగారి ముందు కూర్చుండెను.

"అత్తయ్యా, లోపలికి రండి. ఎసరు ఆగిపోయింది."

"నేనొచ్చి ఏం చెయ్యనే? రుచి తెలియని దాన్ని. నా వల్ల ఈ ఇల్లు ఒకసారి పాడైంది చాలదూ?"

"రుచి నేను చూస్తాను. నాకు మీ చెయ్యి కావాలి. మీ చెయ్యి ఎన్నడూ తప్పలేదు అత్తయ్యా. నాలుక మాట విని మీరే దాన్ని మార్చారు. ఇవాళ పప్పులో వెయ్యనే లేదు, పులుసులో రెండుసార్లు వేశాను. వేశావా అని అడిగే మనిషి లేక." అని ఆమె ఆగెను. "వంట కోసమే కాదు. మీరు లోపల లేకపోతే ఆ వంటింట్లో నాకు ఏడుపొస్తోంది."

కామాంబ కోడలి ముఖము చూచెను. జపమాల చాప మీద పెట్టి, కోడలి భుజము ఆసరా చేసికొని లేచెను. చాల కాలమునకు ఆమె వంటింటి గడప దాటుచుండగా వడ్డనకు నిలిచినవారందరును దారి ఇచ్చిరి. పులుసుకు విరుగుడుగా సొరకాయ ముక్కలు ఉడికించి వేయుమని చెప్పెను. ఆ ముక్కలు తరుగుటకు పేరయయే కూర్చుండెను, తరిగినవి కొంచెము పెద్దవైనను పనికి వచ్చెను. పిమ్మట కామాంబ పప్పుగిన్నె ముందు నిలిచి, కన్నులు మూసికొని, కొత్తకోడలుగా ఆ ఇంటికి వచ్చిననాడు తన అత్తగారు నేర్పిన కొలతను తలచుకొని, జాడీలో చేయి పెట్టి తీసెను. వేసెను.

"ఉప్పు వేశాను" అనెను.

"విన్నాను అత్తయ్యా" అని మాణిక్యాంబ అనెను.

ఎసరు సలసల మరిగెను. బియ్యము పోసిరి. మరల నివేదించిరి. ఉప్పు ఎట్లున్నదని కామాంబ అడుగగా, మొదటి ముద్ద తిని మాణిక్యాంబ సరిగ్గా ఉన్నదని చెప్పెను. చెప్పమని ఎవరును అడుగకయే పేరయ గూడ పులుసులో పులుపు కొంచెము తగ్గినదనెను. అత్తాకోడళ్ళిద్దరును అతనిని తేరిపార చూచిరి. ఇన్నాళ్ళకు ఇతనికి నాలుక ఉన్నదని తెలిసినదని కామాంబ నవ్వెను. ఆనాడు తిన్నవారు ఎంతమందియో లెక్క లేదు. ఏటికి పరుగెత్తినవారు ఒక్కరును లేరు.

నాటినుండి ఆ వంటింట చేయి అత్తగారిది, నాలుక కోడలిది. కామాంబ కన్ను మూయువరకు ఆ పొయ్యి కడనే ఉండెను. ఆమె కర్మలు ముగిసిన మరునాడు మాణిక్యాంబ పప్పులో ఉప్పు వేసి, అలవాటు చొప్పున "ఉప్పు వేశాను అత్తయ్యా" అనెను. అని, బదులు చెప్పువారు లేరని తెలిసి, తడిచేయి అట్లే పట్టుకొని నిలిచిపోయెను. ఎసరు కూడ చప్పుడు చేయక నిలిచెను. అప్పుడు రోటి కడ పచ్చడి నూరుచున్న మాణిక్యాంబ కోడలు, ఆమె కొడుకును పెండ్లాడి కొత్తగా కాపురమునకు వచ్చిన వరలక్ష్మాంబ, తల ఎత్తి "విన్నాను అత్తయ్యా" అనెను. ఎసరు మరిగెను.

సుతృప్త మహర్షి ఇట్లు కథ ముగింపగా హరితపర్ణుడు ఆయనకు నమస్కరించి లేచెను. పిదప తన ఆశ్రమమునకు పోయి, శిష్యులతో కలిసి కూర్చుండి, అన్నము పలుకుగా ఉన్నదని మెత్తగా చెప్పెను. శిష్యులు భయపడుటకు మారుగా ఊపిరి పీల్చుకొనిరి. స్వామివారు ఏమియు అనకపోవుటచే తమ మీద మనసు విరిగినదని వారు అంతకాలము కుమిలిరట. మరునాటినుండి ఎవరికిని భోజనవేళ సందేహములు కలుగలేదు.

కావున ఈ నోమును కొత్తగా పొయ్యి రాజేసినవారు పట్టవలెను. వండి వండి చేయి తిరిగి, ఇక అడుగనక్కరలేదనుకొనువారు తప్పక పట్టవలెను. అత్తాకోడళ్ళు, తల్లీకూతుళ్ళు, తోటికోడళ్ళు కలిసి పట్టవలెను. గరిటె పట్టిన మగవారికిని నిషేధము లేదు. గరిటె పట్టక తినుటకు మాత్రమే కూర్చుండు మగవారు మరింత శ్రద్ధగా పట్టవలెను. ఒంటరిగా వండుకొనువారు ప్రక్కింటివారిని పిలిచి చెప్పినను, దూరముననున్న తమవారికి చెప్పినను ఫలము తగ్గదు. పట్టినవారి ఇంట పప్పు ఉడుకును, పెరుగు తోడుకొనును, అతిథి మరల వచ్చును, ముసలివారి చేతికి పని ఉండును. ఉద్యాపన కోరువారు ఒక ఉప్పుజాడీని, సొరకాయను, చెంబును ముత్తైదువకు ఇచ్చి, ఆమెను కూర్చుండబెట్టి తమ చేతితో వడ్డించి, ఎట్లున్నదని అడుగవలెను. కథ తప్పినను నోము తప్పదు, అడుగుట తప్పినచో నోము తప్పును.

ఇక అక్షతలు అమ్మవారి పాదముల మీద వేసి, కొన్ని మీ మీ శిరస్సుల మీద వేసికొనుడు. ఆకులు వేయుచున్నారు, అందరును కూర్చుండుడు. ఉదయమునుండి పొయ్యి కడ నిలిచి వండినవారు ఇప్పుడు చేయి తుడుచుకొనుచు గడప కడకు వచ్చి మీ మొదటి ముద్ద వైపు చూచెదరు. వారు అడిగినను అడుగకున్నను, తల ఎత్తి వారి ముఖము చూచి, ఉన్నది ఉన్నట్లు చెప్పుడు.